రోజు సరిపోవడం లేదా? ముందు ఎక్కడ చూడాలి

టైమ్‌టేబుల్ వేసుకున్నా పనులు మిగిలిపోతున్నాయి, పొద్దున్నుంచీ పరుగే, రాత్రికి తలనొప్పి. ఈ మాట అనేవాళ్లలో చాలామంది వెంటనే కొత్త యాప్ వేసుకుంటారు, లేదంటే అలారం అరగంట ముందుకు జరుపుతారు. కాగితం తీసుకుని ఒక్క కూడిక చేసి చూసేవాళ్లు చాలా తక్కువ. దయచేసి అది చేయకుండా కిందికి వెళ్లకండి.

సమస్య: ఏ రోజు చూసినా రాత్రికి సగం పనులు మిగులుతాయి

కారణం: పెట్టుకున్న పనులు ఉన్న గంటల్లో పట్టవు. నిద్ర ఏడున్నర గంటలు, ఆఫీసు 9, రానూపోనూ 2, స్నానం, భోజనాలు ఒకటిన్నర, వంట, ఇంటిపని రెండున్నర. మొత్తం ఇరవై రెండున్నర. మిగిలింది గంటన్నర. అందులో గంట నడక, గంట పిల్లల హోంవర్కు, గంట ఆన్‌లైన్ కోర్సు పెట్టుకుంటే రోజూ గంటన్నర లోటు. ఎంత పట్టుదల ఉన్నా ఆ లోటు పూడదు.

పరిష్కారం: కోర్సు శని, ఆదివారాలకు మార్చండి. నడక వారానికి మూడు రోజులు చాలు. ఇంటిపనిలో ఒకటి ఇంట్లో ఇంకొకరికి పూర్తిగా అప్పగించండి. కూరగాయలు తేవడమంటే, ఏవి అయిపోయాయో చూడటం నుంచి తెచ్చినవి ఫ్రిజ్‌లో సర్దడం దాకా అంతా వాళ్లదే. చీటీ మీరు రాసిస్తే సగం పని మీ దగ్గరే ఉన్నట్టు. నిద్రలోంచి మాత్రం కోయకండి.

సమస్య: లెక్క సరిపోయింది, అయినా పొద్దున తొమ్మిదికే అరగంట వెనకబడతారు

అసలు చిక్కు ఇక్కడ ఉంది. ఎక్కువమంది ఏళ్ల తరబడి కనిపెట్టలేనిది ఇదే.

కారణం: ప్రతి పనికీ ముందు కొంత, వెనక కొంత ఉంటుంది. లెక్క వేసేటప్పుడు మనకు నడిమి భాగమే గుర్తొస్తుంది. లంచ్ బాక్సులోకి బెండకాయ వేపుడు ఎంతసేపంటే ఇరవై నిమిషాలంటారు. అది మూకుడు పొయ్యి మీద ఉండే సమయం మాత్రమే. అంతకుముందు పావుకిలో కాయలు కడిగి, తడి లేకుండా తుడిచి (తడి ఉంటే జిగురు సాగుతుంది), తరగడానికి పదిహేను. వేడిమీదే మూత పెడితే మెత్తబడిపోతుంది కాబట్టి కాస్త ఆరనిచ్చి, బాక్సు సర్ది, గట్టు తుడవడానికి పది. వెరసి నలభై అయిదు. టైమ్‌టేబుల్‌లో ఉన్నది ఇరవై. దీనికి యూనిఫాం ఇస్త్రీ, జడలు, బండి తాళాల వెతుకులాట కలపండి, ఆ అరగంట ఎక్కడికి పోయిందో తెలుస్తుంది.

ఒక్కో ముక్కా చిన్నది కావడంతో ఎవరూ పట్టించుకోరు. ట్రాఫిక్‌నో, పిల్లల్నో, తమ బద్ధకాన్నో తిట్టుకుంటారు. ఇందులో బద్ధకం ఏమీ లేదు. మనుషులు పనికి పట్టే సమయాన్ని తక్కువగా అంచనా వేస్తారని మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఏమాస్ ట్వెర్‌స్కీ 1979లోనే రాశారు. 1994లో అచ్చయిన బ్యూలర్, గ్రిఫిన్, రాస్‌ల అధ్యయనంలో కెనడా విద్యార్థులు తమ థీసిస్ సగటున 34 రోజుల్లో అయిపోతుందన్నారు, పట్టింది 55 రోజుల పైనే. పోయినసారి ఎంత పట్టిందో తెలిసినవాళ్లు కూడా ఈసారి అంచనాలో దాన్ని కలుపుకోరు. అందుకే "ఇది ఎంతసేపు పడుతుంది" అని మనసును అడిగితే సరైన జవాబు రాదు. గడియారాన్ని అడగాలి.

పరిష్కారం: మూడు పనిదినాలు ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి ఉంచండి. ప్రతి పనికీ రెండే అంకెలు: దాని కోసం లేచిన సమయం, తర్వాతి పనికి చేతులు ఖాళీ అయిన సమయం. పొయ్యి వెలిగించిన సమయం రాస్తే లాభం లేదు. నాలుగో రోజు పాత అంకెలన్నీ కొట్టేసి టైమ్‌టేబుల్‌లో వీటిని వేయండి.

ఆపైన ముందు భాగాన్ని రాత్రికి జరపండి. బెండకాయలు కడిగి గుడ్డమీద ఆరబెట్టేయొచ్చు. ఇస్త్రీ, స్కూలు బ్యాగు, తాళాలు ఒకే చోట పెట్టడం కూడా రాత్రి పనే. వెనక భాగం జరగదు, దాన్ని అదే పనిలో కలిపి లెక్కించాల్సిందే.

బయటి పనులకు ముందు వెనకలు ఇంకా పెద్దవి. బ్యాంకు కౌంటర్ దగ్గర పని పది నిమిషాలే కావచ్చు, పాస్‌బుక్ వెతకడం, ఆధార్ జిరాక్స్, పార్కింగ్, టోకెన్ కలిపితే పూట గడుస్తుంది. కాగితాలన్నీ ఒక కవర్లో పెట్టి, ఆ దారిలో ఉన్న పనులన్నీ ఒకే తిరుగుడులో ముగించండి. రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులు ఉండవని చూసుకోండి.

చివరిగా, పొద్దున ఒక పావుగంట, సాయంత్రం ఒక పావుగంట ఏ పనీ రాయకుండా వదలండి. ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. ఒకటి, ఖాళీ మొత్తాన్నీ రాత్రి పదింటికి పెట్టడం. ఎనిమిదింటికి జరిగిన ఆలస్యాన్ని పదింటి ఖాళీ ఆపలేదు, అప్పటికి రోజంతా జరిగిపోయి ఉంటుంది. రెండోది, ఖాళీ కనబడగానే వాషింగ్ మెషిన్ వేయడం. మెషిన్ వేస్తే ఆరేయడం, మడతపెట్టడం వెంటే వస్తాయి. అలారం ముందుకు జరిపినా ఫలితం ఇంతే: అంచనాలు తప్పుగా ఉన్నంతకాలం ఆ అరగంట కూడా వారం తిరక్కుండా నిండిపోతుంది, నిద్ర తగ్గడమే మిగులుతుంది.

సమస్య: పనులు అయ్యాయి, పడుకున్నాక బుర్ర ఆగదు

రేపటి పనులను తల్లోనే మోస్తున్నారు. పడుకునే ముందు అయిదు నిమిషాలు రేపు చేయాల్సినవి కాగితం మీద రాయండి. 2018లో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం వాళ్లు 57 మంది యువతీయువకులపై చేసిన ప్రయోగంలో, అయిపోయిన పనులు రాసినవాళ్లకంటే చేయాల్సినవి రాసినవాళ్లు త్వరగా నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత మంచిది. "కరెంటు" అని కాక "కరెంటు బిల్లు, టిఫిన్ కాగానే" అని రాయండి. ఫోన్లో రాయొద్దు, రాయడానికి తీసిన ఫోన్ అరగంట దాకా చేతిలోనే ఉండిపోతుంది.

మధ్యాహ్నం మూడు తర్వాత పని సాగకపోతే

ఆ వేళకు మందగించడం మామూలే. లెక్కలు, ముఖ్యమైన ఉత్తరాలు పదకొండులోపు పెట్టుకుని, ఫైళ్లు సర్దడం, ఫోన్లు చేయడం లాంటివి మూడుకు ఉంచండి. రెండో మారు అన్నం కాస్త తగ్గించి చూడండి.

అరుదైనవి

పైవన్నీ సరిచేసి, నిద్ర బాగానే పడుతున్నా కొన్ని వారాలుగా లేస్తూనే నీరసం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఉంటే అది సమయం సంగతి కాదు. రక్తహీనత, థైరాయిడ్, డిప్రెషన్ ఇలాగే కనిపించవచ్చు. డాక్టరుకు చూపించుకోండి, అప్పటిదాకా టైమ్‌టేబుల్ జోలికి పోకండి.