కాలమజూ స్టేషన్‌లో దిగబోయే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ

ఈమధ్య ఒక ఆదివారం సాయంత్రం స్టేషన్ బయట ఓ కుర్రాడు రెండు పెద్ద సూట్‌కేసులు పెట్టుకుని సిటీ బస్సు కోసం చూస్తున్నాడు. ఆ పూటకి బస్సులు అయిపోయాయి. "ఇంకా టైముంది కదన్నా" అని ఫోన్ చూపించాడు. సిమ్ వేయలేదేమో, అందులో చికాగో టైమే ఉంది.

కాబట్టి చికాగోలో విమానం దిగి, రైల్లో కాలమజూకి, ఇక్కడి వెస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీలో చేరడానికి వచ్చేవాళ్ళు ముందు ఇది విని, తర్వాతే దుప్పట్ల గురించీ కుక్కర్ గురించీ అడగండి. చికాగోది సెంట్రల్ టైము, కాలమజూది ఈస్టర్న్ టైము. రైలు ఇండియానా దాటి న్యూ బఫెలో వచ్చేసరికి మిషిగన్‌లో పడతారు, అక్కడ గడియారం గంట ముందుకి జరపాలి. టికెట్ మీద ఎక్కే టైము చికాగోది, దిగే టైము కాలమజూది. ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి "అబ్బో, అంత ప్రయాణమా" అనకండి, అందులో గంట ఉత్తదే. ఆగస్టులో వస్తే ఇంకో గుర్తు: ఇండియా కంటే చికాగో పదిన్నర గంటలు వెనక, కాలమజూ తొమ్మిదిన్నర. అమ్మకి ఫోన్ చేసేటప్పుడైనా ఇది పనికొస్తుంది.

పైగా రైలు ఆలస్యం కావచ్చు. చికాగో నుంచి ఇండియానాలోని పోర్టర్ అనే ఊరి దాకా పట్టాలు గూడ్స్ కంపెనీవి, వాళ్ళ బళ్ళ మధ్య మన బండి నెమ్మదిగా దూరుతుంది. పోర్టర్ నుంచి కాలమజూ దాకా మన బండి నడిపే ఆమ్‌ట్రాక్ కంపెనీ సొంత లైను, గంటకి 110 మైళ్ళ దాకా లాగిస్తారు. అయినా పోయిన టైమంతా తిరిగొస్తుందని లెక్క వేసుకోకండి. చివరి బస్సుకి అతికినట్టు సరిపోయే రైలు మాత్రం బుక్ చేయొద్దు. చెప్పి చెప్పి నా నోరు నొప్పెడుతోంది, మళ్ళీ అదే చేస్తారు!

చికాగో ఓ'హేర్ ఎయిర్‌పోర్టులో దిగితే బ్లూ లైన్ లోకల్ రైలెక్కి క్లింటన్ స్టేషన్‌లో దిగండి, అక్కణ్ణుంచి మన రైలెక్కే యూనియన్ స్టేషన్ నడిచేంత దూరమే. వూల్వరిన్, బ్లూ వాటర్ అనే రైళ్ళు రెండూ కాలమజూలో ఆగుతాయి. రైల్లో మనిషికి పెద్ద పెట్టెలు రెండు తెచ్చుకోవచ్చు, ఒక్కోటి 50 పౌండ్లు, అంటే విమానంలో తెచ్చిన 23 కిలోలే. లగేజీ విడిగా తీసుకునే ఏర్పాటు లేదు, ఎక్కించుకోవడం దించుకోవడం మీ పనే.

కాలమజూ స్టేషన్ 1887లో మిషిగన్ సెంట్రల్ రైల్వే కంపెనీ వాళ్ళు కట్టించింది, గుండ్రటి కమాన్లతో బాగుంటుంది. ఫొటోలు మరోరోజు తీసుకోవచ్చు. మెట్రో అనే సిటీ బస్సులూ, వేరే ఊళ్ళకెళ్ళే గ్రేహౌండ్ బస్సులూ అన్నీ అక్కణ్ణుంచే, వేరే బస్టాండు వెతకక్కర్లేదు. ఆదివారం మాత్రం సర్వీసులు తక్కువ, పెందలాడే ఆగిపోతాయి.

యూనివర్సిటీ ఐడీ చేతికొచ్చాక సిటీ బస్సు ఉచితం. మొదటిరోజు అది ఉండదుగా, డబ్బు కట్టాల్సిందే, డ్రైవర్ చిల్లర ఇవ్వడు. మనవాళ్ళ జేబులో ఉండేవేమో వంద డాలర్ల నోట్లు! చికాగోలోనే ఏదైనా కొని ఒక డాలరు నోట్లు కొన్ని ఉంచుకోండి.

సరే, ఇంత చెప్పినా బస్సు పోయిందే అనుకోండి. కొంప మునిగేదేం లేదులెండి. స్టేషన్ నుంచి క్యాంపస్ రెండు మైళ్ళకి అటూఇటూ, క్యాబ్ ఎక్కితే కాసేపట్లో చేరతారు. పెట్టెలు లేకపోతే నడిచైనా వెళ్ళొచ్చు, కాకపోతే చివర్లో ఎత్తు ఎక్కాలి.