మోజెల్ ఒడ్డున, ద్రాక్ష వాలుల్లో ఒకరోజు నడక: బయలుదేరే ముందు జాగ్రత్తలు

సెప్టెంబర్ వస్తే చాలు, జర్మనీలో ఉన్న మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫొటో తిరగడం మొదలవుతుంది. గుర్రపు నాడాలా వంపు తిరిగిన నది, ఆ వంపులో పాడుబడ్డ మఠం గోడలు, ఇవతలి ఒడ్డున గోడలా లేచిన ద్రాక్షతోట. ఆ నది మోజెల్, ఊరు బ్రెమ్, దాని నెత్తిన ఉన్న కొండ కాల్మోంట్. "ఈ శనివారం వెళ్దామా" అని ఒకరంటారు, ఎనిమిది మంది సరే అంటారు. అందులో ఆరుగురు అరిగిపోయిన స్నీకర్స్‌తో స్టేషన్‌కి వస్తారు. ఇది ముఖ్యంగా ఆ ఆరుగురి కోసం.

కొండ ఎత్తు వింటే నవ్వొస్తుంది. సముద్రమట్టం నుంచి 380 మీటర్లు కూడా లేదు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి స్వామివారిని చూసొచ్చిన కాళ్ళకు ఇదొక లెక్కా అనిపిస్తుంది. కానీ ఇక్కడ చూడాల్సింది ఎత్తు కాదు, వాలు. కొన్నిచోట్ల అది 60 డిగ్రీలు దాటుతుంది. యూరప్‌లోకెల్లా నిటారు ద్రాక్షతోటల్లో ఒకటని దీనికి పేరు. పైగా నడుస్తున్నంతసేపూ కింద ఊరి కప్పులు, రోడ్డు మీద కార్లు, నదిలో పడవలు కనబడుతూనే ఉంటాయి. ఊరు కళ్ళెదుట ఉంటే మనిషికి కొండమీద ఉన్నానన్న సంగతే గుర్తుండదు. ఇక్కడ కాలు జారేది ఆ ధీమాతోనే.

దారి ఎటు మొదలుపెట్టాలి

మోజెల్ ఒడ్డునే ఉన్న కోఖెమ్ పట్టణంలో లోకల్ రైలెక్కితే నాలుగు కిలోమీటర్ల పైచిలుకు సొరంగం దాటగానే ఎడిగర్-ఎల్లర్ స్టేషన్ వస్తుంది. స్టేషన్ ఉన్నది ఎల్లర్‌లో, ఎడిగర్ పక్క ఊరు. అక్కడ దిగి కొండ నడుముకు అడ్డంగా పోయే దారి పట్టాలి. దాన్ని స్థానికంగా క్లెట్టర్‌ష్టైగ్ అంటారు, అంటే రాతికి బిగించిన ఇనుప తాళ్ళు, నిచ్చెనలు, కడ్డీల మెట్లు పట్టుకుని పోయే కాలిబాట. దాదాపు మూడు కిలోమీటర్లు. ఆగుతూ, ఫొటోలు దిగుతూ పోతే మూడు గంటలు వేసుకోండి. బ్రెమ్‌లో దిగి భోంచేసి, ఏటి ఒడ్డు వెంబడి చదునుగా ఎల్లర్‌కి తిరిగొస్తే మరో గంట. ఓపిక మిగిలితే ఎల్లర్ దాటి ఎడిగర్ దాకా వెళ్ళి, ఆ చెక్క చట్రాల పాత ఇళ్ళ సందుల్లో తిరిగి రావచ్చు.

కొందరు దీన్ని తిరగేసి, ముందు ఒడ్డున నడిచి బ్రెమ్‌లో తిని, అప్పుడు కొండెక్కుతారు. ఆ పని చేయకండి. ఒళ్ళు తాజాగా ఉన్నప్పుడు నిచ్చెనలు, అలిసిపోయాక చదును నేల. ఈ వరస మారిస్తే కడుపు నిండుగా, కాళ్ళు బరువుగా, పొద్దు వాలుతుండగా ఇనుప తాళ్ళ దగ్గర ఉంటారు.

ఎత్తు అంటే కళ్ళు తిరిగేవాళ్ళు మొహమాటపడకుండా ముందే చెప్పేయాలి. ఎల్లర్ నుంచి కొండ మీదికి ఎక్కి, శిఖరం మీది శిలువ దగ్గర నిలబడి, అవతల బ్రెమ్‌కి దిగే ఇంకో దారి ఉంది. ఎక్కుడు ఎక్కువే కానీ నిచ్చెనలు లేవు. నది వంపు ఫొటో కావాలంటే అసలు అక్కడినుంచే బాగా వస్తుంది. సగం గుంపు పైదారిన, సగం కిందిదారిన వెళ్ళి బ్రెమ్‌లో కలుసుకోవచ్చు. ఎవరి పరువూ పోదు.

పలక రాయి

మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దినవాళ్ళకు ఈ నేల కొత్త కాదు. మోజెల్ వాలులంతా పలక రాయే. విరిగిన పలక ముక్కలే మట్టి. పగటి ఎండను పట్టుకుని రాత్రంతా వేడిని వదులుతుంది కాబట్టే, ఇంత ఉత్తరాన కూడా రీస్లింగ్ ద్రాక్ష పండుతోంది. ద్రాక్షకు మేలు చేసే ఆ గుణాలే మన కాళ్ళకు ఇబ్బంది.

తడి పలక మీద నీళ్ళు పోసి బట్టతో తుడిచిన రోజులు గుర్తు తెచ్చుకోండి, వేలు ఎలా జారేదో. ఇక్కడ వేలికి బదులు పాదం. వర్షం పడనక్కర్లేదు, ఈ కాలంలో పొద్దున్నే లోయనిండా పొగమంచు కమ్ముతుంది. పది, పదకొండు దాకా రాళ్ళు, ఇనుప మెట్లు తడిగానే ఉంటాయి. అందుకని తెల్లవారుజామునే రైలెక్కి అందరికంటే ముందు కొండమీద ఉండాలన్న ఉత్సాహం ఇక్కడ పనికిరాదు. మంచు విడిచాక, పదిన్నర ప్రాంతంలో మొదలుపెట్టండి. ముందురోజు రాత్రి గట్టి వాన పడితే పైదారికి మారిపోండి, లేదా ఇంకో వారం చూసుకోండి. వాన తర్వాత రాళ్ళు దొర్లే ప్రమాదం కూడా ఉంటుంది. బోర్డు మీద "ష్టైన్‌ష్లాగ్" అని కనబడితే అర్థం అదే. "గెష్పెర్ట్" అని ఉంటే దారి మూసేశారని. పక్కనుంచి తాడు కింద దూరి వెళ్ళేంత సందు ఉన్నా సరే, మూసేశారంటే మూసేసినట్టే.

బూట్లు చీలమండ దాకా ఉండి, అడుగున గాట్లు లోతుగా ఉన్నవి కావాలి. ఇంట్లో కొత్తవి ఉంటే ముందు వారం రోజులు వేసుకుని తిరగండి. చేతులకు సైకిల్ గ్లోవ్స్ లాంటివి ఉంటే ఇనుప తాడు కోయదు. బ్యాగ్‌కి బయట నీళ్ళ సీసా, గొడుగు, జాకెట్ వేలాడదీయకండి, నిచ్చెన దగ్గర అవే తగులుకుంటాయి. చేతికర్రలు తెస్తే నిచ్చెన రాకముందే మడిచి లోపల పెట్టేయాలి. ఫోన్ మాత్రం జిప్ ఉన్న జేబులో. మాతో వచ్చిన ఒకబ్బాయి ఒక చేత్తో తాడు పట్టుకుని రెండో చేత్తో సెల్ఫీ తీయబోయాడు. ఫోన్ జారి రెండు వరసల కింద ద్రాక్ష మొక్కల్లో పడింది. అది తేవడానికి దిగబోతుంటే మేము కాలర్ పట్టుకుని ఆపాం. ఫోన్ ఇన్సూరెన్స్‌లో ఎంత వచ్చిందో తెలియదు కానీ అబ్బాయి మాత్రం మాతో పాటే ఇంటికొచ్చాడు.

ఇరుకు దారిలో ఎదురుగా ఎవరైనా వస్తే కొండ వైపుకి ఒదిగి నిలబడండి, లోయ వైపుకి కాదు. నిచ్చెన మీద ఒకసారికి ఒక్కరే. కాలి కింద రాయి కదిలితే గట్టిగా అరిచి చెప్పాలి, తెలుగులో అరిచినా పర్లేదు, కిందివాళ్ళు తల ఎత్తి చూస్తారు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకొస్తే వాళ్ళకి ఈ నిచ్చెనల దారి వద్దు. మోకాళ్ళ నొప్పుల సంగతి పక్కన పెట్టినా చీరకట్టుకి, ఇనుప మెట్లకి కుదరదు. వాళ్ళను ఒడ్డుదారిన బ్రెమ్‌కి తీసుకెళ్ళండి. అక్కడ నీళ్ళకు ఎదురుగా బెంచీ మీద కూర్చుంటే అవతల ష్టూబెన్ మఠం గోడలు కనిపిస్తాయి. 1137లో మొదలైన సన్యాసినుల మఠం అది. అమ్మానాన్నల ట్రావెల్ ఇన్సూరెన్స్ కాగితం ఒక ఫొటో తీసి మీ ఫోన్లో పెట్టుకోండి.

ద్రాక్షతోటే కదా, నీడ ఉంటుందనుకుంటే

హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ తోటలు చూసినవాళ్ళకు ద్రాక్షతోట అంటే పందిరి. నెత్తిన ఆకులు, కింద చల్లటి నీడ, గుత్తులు చేతికందేలా వేలాడుతూ. ఇక్కడ పందిరి లేదు. ఈ నిటారు వాలుల్లో చాలాచోట్ల ఒక్కో మొక్కకి ఒక్కో కర్ర పాతి కట్టేస్తారు. నీడన్నది దొరకదు. పైగా దక్షిణానికి తిరిగిన వాలు, కింద కాలిన పలక, ఎదురుగా నీళ్ళ మీద నుంచి కొట్టే వెలుగు. సెప్టెంబర్‌లో కూడా మధ్యాహ్నం మన వేసవి గుర్తొస్తుంది. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, టోపీ తప్పనిసరి. కొండ మధ్యలో కొళాయి గానీ కొట్టు గానీ ఉండవు. ఆదివారమైతే ఊళ్ళో దుకాణాలు కూడా మూసి ఉంటాయి. తినేవి ముందురోజే కొనుక్కోండి, లేదా పులిహోర కట్టుకోండి. సాయంత్రం దాకా పాడవదు, స్పూన్ లేకపోయినా తినొచ్చు. కాస్త నగదు కూడా ఉంచుకోండి, చిన్న ఊళ్ళలో కార్డు తీసుకోని చోట్లు ఇంకా ఉన్నాయి.

రీస్లింగ్ ఆలస్యంగా పండుతుంది. కోతలు సెప్టెంబర్ చివర్లో మొదలై అక్టోబర్‌లోకి సాగుతాయి. ఆ రోజుల్లో కొన్ని తోటల దారులు బయటివాళ్ళకు మూసేస్తారు, ఊరి మొదట్లో నోటీసు చూసుకోండి. ఈ వాలు మీదికి ట్రాక్టర్ ఎక్కదు. ఒంటి పట్టా మీద పళ్ళ చక్రంతో పాకే చిన్న బండిలో మనుషులు, ద్రాక్ష బుట్టలు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. ఖాళీగా కనబడుతోంది కదా అని ఆ పట్టా మీద కూర్చోవడం, దాన్ని పట్టుకుని ఎక్కడం చేయకండి. బండి ఎప్పుడొస్తుందో తెలియదు. వీపున బుట్టతో దిగుతున్న కూలీకి దారి ఇవ్వండి, ఆ మనిషి మీలాగా సరదాకి రాలేదు. హఠాత్తుగా తుపాకీ పేలినట్టు చప్పుడైతే కంగారుపడి అడుగు తడబడకండి, పిట్టల్ని తోలడానికి పేల్చే శబ్దం అది. ద్రాక్ష మాత్రం కోయొద్దు. ఒక్క గుత్తే కదా అనిపించినా దొంగతనం దొంగతనమే. పైగా బూజు రాకుండా వేసవి పొడవునా ఈ వాలుల మీద హెలికాప్టర్లతో, డ్రోన్లతో మందు కొడతారు.

కందిరీగల గురించి ఒక మాట. పండిన ద్రాక్ష వాసనకి ఈ నెలల్లో అవి విపరీతంగా ఉంటాయి. తీపి డ్రింక్ టిన్ తెరిచి పక్కన పెట్టి, కాసేపాగి చూడకుండా ఎత్తి తాగడం మానుకోండి. గొంతులో కుడితే వాచి ఊపిరాడదు. కందిరీగ కాటు పడనివాళ్ళు గుంపులో ఉంటే మందు ఎక్కడ పెట్టుకున్నారో పక్కవాళ్ళకు చెప్పి ఉంచాలి.

వైన్ ఎప్పుడు

బ్రెమ్‌లో దిగాక. అంతకుముందు చుక్క కూడా వద్దు. ఎల్లర్‌లో స్టేషన్ దిగగానే ఎవరో ఒకరు "ఒక్క గ్లాసు" అంటారు, వాళ్ళ మాట వినకండి.

ఈ కాలంలో ఇంటి గుమ్మానికి చీపురో, కొమ్మల దండో వేలాడదీసి, తమ తోట వైన్ తామే అమ్మే ఇళ్ళు కనిపిస్తాయి. ష్ట్రౌస్‌విర్ట్‌షాఫ్ట్ అంటారు, ఏడాదిలో నాలుగు నెలలకు మించి తెరవరు. అక్కడ ఫెడర్‌వైసర్ అని మబ్బుగా ఉండే కొత్త వైన్, ఉల్లిపాయల కేక్‌తో ఇస్తారు. తాటికల్లు పొద్దున తియ్యగా, సాయంత్రానికి ఘాటుగా మారుతుంది కదా, ఇదీ ఆ జాతిదే. ఇంకా పులుస్తూనే ఉంటుంది. నాలుకకు పళ్ళరసంలా ఉన్నా లోపల మద్యం పది శాతం దాకా చేరి ఉండొచ్చు. ఇంటికి కొంటే సీసా మూత గట్టిగా బిగించకండి, బ్యాగ్‌లో పడుకోబెట్టకండి. లోపల గ్యాస్ పుడుతూనే ఉంటుంది. కారులో వచ్చినవాళ్ళలో డ్రైవ్ చేసేవాళ్ళకు నీళ్ళే. జర్మన్ లైసెన్స్ కొత్తగా తీసుకుని రెండేళ్ళ ప్రొబేషన్‌లో ఉంటే ఒక్క చుక్క కూడా నేరమే.

తిరుగు దారి తేలికే, కానీ అది సైకిళ్ళ దారి కూడా. వేగంగా వస్తారు, గంట వినబడితే కుడివైపు ఒక వరసలోకి రండి. నది పొంగిన రోజుల్లో ఈ ఒడ్డు మునుగుతుంది. పెద్ద వరదలు ఎక్కువగా చలికాలంవే. 1993 డిసెంబర్‌లో ఇదే నది ఒడ్డునున్న ట్రియర్ నగరం దగ్గర నీటిమట్టం 11 మీటర్లు దాటింది. ఇళ్ళ గోడల మీద ఏ ఏడాది ఎంత వరకు వచ్చిందో గీతలు గీసి ఉంచారు. కొన్ని మీ తలకంటే ఎత్తులో ఉంటాయి. వానలు పట్టిన వారంలో నీటిమట్టం చూసుకుని బయలుదేరండి.

వెలుతురు లెక్క అందరూ తప్పుతారు. అక్టోబర్ మొదటి వారంలో ఏడింటి దాకా పొద్దుంటుంది. నెల చివరి ఆదివారం గడియారం గంట వెనక్కి తిప్పుతారు, ఆరోజు నుంచి ఐదుంపావుకే సూర్యాస్తమయం. నేను మొదటిసారి వెళ్ళింది సరిగ్గా ఆ ఆదివారమే. బ్రెమ్‌లో తీరిగ్గా కూర్చుని లేచేసరికి చీకటి, ఒడ్డున దీపాల్లేవు, ఫోన్ బ్యాటరీ ఎనిమిది శాతం. అప్పటినుంచి తలకి కట్టుకునే చిన్న లైటు, పవర్ బ్యాంక్ నా బ్యాగ్‌లోంచి తీయను. తిరుగు రైలు టైము, ఆ తర్వాతి రైలు టైము కూడా కాగితం మీద రాసుకోండి. లోయలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

దెబ్బ తగిలినా, ఎవరికైనా మధ్యలో భయంతో కాళ్ళు బిగుసుకుపోయినా 112కి చేయండి. మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీ టవర్ అందితే కాల్ పోతుంది, ఫోన్లో సిమ్ మాత్రం ఉండాలి. "కాల్మోంట్ క్లెట్టర్‌ష్టైగ్, ఎల్లర్‌కీ బ్రెమ్‌కీ మధ్య" అని ముందు చోటు చెప్పండి, తర్వాత సంగతి. ఇంగ్లీష్‌లో మాట్లాడినా ఫర్వాలేదు. ప్రాణాపాయం లేని నొప్పులకు, డాక్టర్ల క్లినిక్‌లు మూసిన వేళల్లో 116117.

ఇంటికొచ్చాక పడుకునే ముందు స్నానం చేస్తూ ఒళ్ళంతా చూసుకోండి. మోకాలి వెనక, చంకల్లో, నడుము దగ్గర, చెవి వెనక. గడ్డిలోంచి ఎక్కిన పిడుదు నువ్వు గింజంత ఉంటుంది, కుట్టినట్టు కూడా తెలియదు. కనబడితే నూనె, నెయిల్ పాలిష్ పూయకుండా, సన్న మొన ఉన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని మెల్లగా నిటారుగా లాగేయండి. ఎంత త్వరగా తీస్తే లైమ్ జబ్బు వచ్చే అవకాశం అంత తక్కువ. తేదీ ఫోన్లో రాసుకుని ఆ చోటును కొన్ని వారాలు గమనించండి. ఎర్రటి వలయం పెరుగుతూ పోతే, దురద లేకపోయినా, డాక్టర్‌కి చూపించి కొండకి వెళ్ళొచ్చిన సంగతి చెప్పండి.