వేపాకుతో వెండి నానోకణాలు: రంగు మారగానే పని అయిపోదు

ఇందుకు మామూలుగా వాడే సోడియం బోరోహైడ్రైడ్ అనే రసాయనం అవసరం లేకుండా వేపాకు కషాయంతోనే వెండి నానోకణాలు (కంటికి కనిపించనంత సూక్ష్మమైన వెండి రేణువులు) తయారవుతాయి. ఆకులోని పాలీఫినాల్స్, ఫ్లేవనాయిడ్లు అనే సహజ రసాయనాలు వెండి అయాన్లకు ఎలక్ట్రాన్లిచ్చి లోహంగా మారుస్తాయి. కషాయంలోని ప్రోటీన్ల వంటివి కణాల చుట్టూ పొరలా పట్టి, అవి ముద్దకట్టకుండా కాపాడతాయి.

ముందు గాజుసామాను చూసుకోండి. 10 శాతం నైట్రిక్ ఆమ్లంతో కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో నాలుగైదుసార్లు తొలచండి. కుళాయి నీటి చుక్క మిగిలినా అందులోని క్లోరైడ్ వెండిని పట్టుకుని తెల్లగా మబ్బుపడుతుంది. మొదటిసారి చేసేవాళ్ల ప్రయోగం ఎక్కువగా చెడేది ఇక్కడే.

చీడలేని తాజా ఆకులు 10 గ్రాములు కడిగి, తరిగి, 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 80 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచండి. చల్లారాక పల్చటి గుడ్డతో, ఆపై వాట్‌మన్ 1 ఫిల్టర్ పేపర్‌తో వడకట్టండి. ఫ్రిజ్‌లో పెట్టి రెండుమూడు రోజుల్లో వాడేయాలి. చెట్టును బట్టి, కాలాన్ని బట్టి ఆకులో పాలీఫినాల్స్ మారతాయి. అందుకే ఏ చెట్టు, ఏ నెల అన్నది రాసిపెట్టుకోండి.

1 మిల్లీమోలార్ (లీటరుకు మోల్‌లో వెయ్యోవంతు) ద్రావణానికి 100 మి.లీ.కి 17 మి.గ్రా. సిల్వర్ నైట్రేట్ చాలు. అంత తక్కువ సరిగ్గా తూచడం కష్టం కాబట్టి అదే 100 మి.లీ.లో 170 మి.గ్రా. కరిగించి, పదిరెట్లు పలచన చేయండి. చేతికి గ్లవ్స్ తప్పనిసరి, తగిలితే చర్మం నల్లబడుతుంది.

ఈ ద్రావణం 90 మి.లీ. తీసుకుని 60 డిగ్రీల దగ్గర కలియబెడుతూ, కషాయం 10 మి.లీ. చుక్కచుక్కగా వేయండి. ఫ్లాస్కుకు అల్యూమినియం ఫాయిల్ చుట్టాలి. లేత పసుపు గోధుమరంగుకు తిరుగుతుంది. 15 నిమిషాలకోసారి కొంచెం తీసి, ఏ కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచే యూవీ-విజిబుల్ పరికరంలో చూడండి. 400–450 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల మధ్య శిఖరం రావాలి, అది ఇక పెరగనప్పుడు ఆపేయండి.

పక్కనే కషాయం ఒక్కటే, సిల్వర్ నైట్రేట్ ఒక్కటే అదే వేడిలో పెట్టడం మరవొద్దు. పాలీఫినాల్స్ గాలికి ఆక్సీకరణం చెంది వాటంతటవే గోధుమరంగుకు వస్తాయి. ఈ పోలిక లేకుండా రంగును నమ్మకూడదు.

రంగు అసలే రాకపోతే కషాయం ఆమ్లంగా ఉందేమో చూడండి. పలచటి సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలతో పీహెచ్ 8 దాకా తెస్తే వేగం పుంజుకుంటుంది. ఎక్కువైతే వెండి ఆక్సైడ్ ముదురు గోధుమరంగు మడ్డిగా దిగుతుంది. ద్రావణం బూడిదరంగైతే, యూవీ-విజిబుల్ శిఖరం వెడల్పై కుడికి (పొడవైన తరంగదైర్ఘ్యాల వైపు) జరిగితే, కణాలు ముద్దకట్టినట్టే. స్ఫటిక నిర్మాణాన్ని ఎక్స్-కిరణాలతో చూసే ఎక్స్‌ఆర్‌డీ పరీక్షలో 38 డిగ్రీల కోణం దగ్గరి వెండి శిఖరంతోపాటు 32 డిగ్రీల దగ్గర మరొకటి కనిపిస్తే అది చాలావరకు సిల్వర్ క్లోరైడ్. ఆకులోనూ క్లోరైడ్ ఉంటుంది.

తయారైన ద్రావణాన్ని 15,000 జి (భూమి ఆకర్షణకు 15,000 రెట్ల బలం) వద్ద 20 నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుక్కి దిగిన నానోకణాలను మూడుసార్లు కడగండి. పూర్తిగా ఎండబెడితే మళ్లీ నీటిలో విడిపోవడం కష్టం. చివరిసారి కడిగినప్పుడు పైన తేలిన నీటిలో ఉప్పునీరు వేస్తే మబ్బుపడిందా, వెండి అయాన్లు ఇంకా ఉన్నాయన్నమాట. అవి మిగిలితే జీవకణాలపై చేసే పరీక్షలో విషప్రభావం వాటిదో, నానోకణాలదో తేలదు.

ఆకుతో చేశాం కాబట్టి శరీరానికి హాని లేదనుకోవడం పెద్ద పొరపాటు. వైద్య పరికరాల పరీక్షకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 10993-5 ప్రకారం జీవకణాల జీవశక్తి 70 శాతం కన్నా తగ్గితే ఆ పదార్థానికి వాటిని దెబ్బతీసే గుణం ఉన్నట్టే. బతికున్న జీవకణాలను రంగును బట్టి కొలిచే ఎంటీటీ పరీక్షలో కషాయపు అవశేషాలు కూడా రంగు తెస్తాయి కనుక పరీక్ష పళ్లెంలో జీవకణాలు లేని గుంటలు (వెల్స్) కొన్ని తప్పక ఉంచండి. కల్చర్ మీడియం (జీవకణాలను పెంచే పోషక ద్రవం)లోని ఉప్పు నానోకణాలను ముద్దచేస్తుంది, కాబట్టి పరిమాణాన్ని నీటిలోనే కాదు, మీడియంలో కూడా కొలవాలి.

మిగిలిన వెండి ద్రావణాన్ని సింకులో పోయకండి. ఉప్పు వేసి సిల్వర్ క్లోరైడ్‌గా దింపి, వడకట్టి, ముదురురంగు సీసాలో దాచి, వ్యర్థాలు తీసుకెళ్లేవారికి ఇవ్వండి.