తక్కువ ఉప్పు, తక్కువ తీపితో కమ్మని వంట – నాలుగవ పాఠం: పులుపు దిగితేనే ఉప్పు దిగుతుంది

మూడవ పాఠంలో రెండు పనులు చెప్పాను. ఉప్పును చేతివాటంగా వేయక తూచి వేయమన్నది మొదటిది. ఇప్పుడు పడుతున్న ఉప్పులో మూడో వంతు తగ్గించి, ఆ లోటు తెలియకుండా కాస్త పులుపు చేర్చమన్నది రెండవది. మొదటి పనిని చాలామంది చక్కగా చేశారు. రెండవ పని మాత్రం చాలా ఇళ్లలో బెడిసికొట్టిందని మీరు రాసిన వివరాలను బట్టి తెలిసింది. ఉప్పు తగ్గించామన్న ధైర్యంతో చింతపండు రెట్టింపు వేశారు. పులుసు నోట పెట్టుకోలేనంత పుల్లగా తేలేసరికి బెల్లం వేశారు. బెల్లం పడగానే చప్పబడిందనిపించి మళ్ళీ ఉప్పు వేశారు. నలుగురికి కాచిన పులుసులో 6 గ్రాములు పట్టే చోట 9 గ్రాములు పట్టిందని ఒకరు లెక్కతో సహా రాశారు. మరికొందరి ఇళ్లలో బెల్లమూ ఉప్పూ వేయలేదు గాని, భోజనానికి కూర్చున్నవాళ్లందరూ ఆవకాయ జాడీని దగ్గరకు జరుపుకొన్నారు. కాస్త పులుపు అన్నానే తప్ప ఆ కాస్త ఎంతో నేను చెప్పలేదు, ఆ లోపం నాదే. ఈ పాఠంలో మిఠాయిల సంగతి మొదలుపెడదామనుకున్నాను. దానిని వెనక్కి జరిపి, ముందుగా ఈ చిక్కు విప్పుతాను.

నాలుక మీద ఉప్పు, పులుపు, తీపి దేనికదిగా నడవవు. కొద్దిపాటి పులుపు ఉప్పదనాన్ని పైకి తెస్తుంది. ఉడికించిన పెసరపప్పు మీద నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే, ఉప్పు ఏమీ కలపకపోయినా ఉప్పు పెరిగినట్లనిపించడానికి కారణం ఇదే. అదే పులుపు ఒక హద్దు దాటితే ఉప్పును మింగేస్తుంది. అప్పుడు ఉప్పు వేసినా, తీపి వేసినా, ఆ పులుపును అణచడానికే ఖర్చవుతుంది, వంటకం రుచికి మిగలదు. మన ఇళ్లలో పులుసులన్నీ, చారులో సగమూ, తొక్కుపచ్చళ్లలో చాలా భాగమూ ఈ హద్దుకు అవతలే ఉంటాయి. అందువల్ల మన వంటలో ఉప్పు ఒక్కదాన్నే తగ్గిస్తే వంటకం కుంటుతుంది. ఉప్పు, పులుపు, కారం మూడింటినీ ఒకే కొలతలో కిందికి దించాలి, బెల్లం వేసే అలవాటు ఉంటే దానినీ దించాలి. అలా ఖాళీ అయిన చోటును వేయించిన నువ్వులతోనో, పల్లీలతోనో, కాల్చిన మిరపకాయతోనో, కొత్తిమీరతోనో, పోపుతోనో నింపాలి. ఈ ఒక్క మాట పట్టుబడితే మిగతా పాఠమంతా ఉదాహరణలే.

ఇక్కడ చాలామంది పడే గోతి ఒకటి ఉంది, అది నన్ను ఎంతో కాలంగా బాధపెడుతున్నది కనుక వివరంగానే చెబుతాను. "నిమ్మకాయంత చింతపండు" అనే కొలత. నిమ్మకాయ అంటే ఏ నిమ్మకాయ? వేసవిలో సికింద్రాబాద్ మోండా మార్కెట్లో దొరికే చిన్న కాయకూ, వానాకాలపు పెద్ద కాయకూ బరువులో రెండింతల తేడా ఉంటుంది. పైగా చింతపండును ముద్దగా నొక్కితే ఒక బరువు, పొరలుగా విడదీస్తే మరొక బరువు. గింజ తీసినదానికీ తీయనిదానికీ తేడా. కొత్త చింతపండు ఎర్రగా, కాస్త తియ్యగా ఉంటే, ఏడాది నిలవచేసిన నల్ల చింతపండు అంతకంటే పుల్లగా అనిపిస్తుంది. సీసాలో వచ్చే చిక్కటి చింతపండు గుజ్జు సంగతి మరీ అన్యాయం, ఎందుకంటే అది ఒక చెంచాడు పడినా ఎంత పులుపు పడిందో తెలియదు, పైగా కొన్నింటిలో ముందే ఉప్పు కలిసి ఉంటుంది. ఉప్పును గ్రాముల్లో తూచి, దానిని నడిపించే చింతపండును మాత్రం కంటి అంచనాకు వదిలేస్తే ఆ తూకానికి అర్థం లేదు. కనుక ఈ రోజు నుంచి గింజ, ఈనె తీసిన చింతపండును కూడా తూచండి. మా ఇంట్లో నలుగురి పులుసుకు ఒకప్పుడు 25 గ్రాములు పడేది, ఇప్పుడు 15 గ్రాములు పడుతున్నది. ఆ 10 గ్రాములు తగ్గినందువల్ల ఉప్పు 7 నుంచి 4 గ్రాములకు దానంతట అదే దిగింది, బెల్లం పూర్తిగా మానేశాను. ఉప్పు కోసం నేను వేరే కష్టమేమీ పడలేదు.

దీనికి అన్నిటికంటే మంచి పరీక్ష పచ్చి పులుసు. ఇందులో కాచడం లేదు, కూరగాయ ముక్కల చాటు లేదు, కాబట్టి ఏ తప్పు చేసినా అప్పుడే బయటపడుతుంది. 15 గ్రాముల చింతపండును గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, పిసికి వడకట్టి, మొత్తం 600 మిల్లీలీటర్లు వచ్చేలా నీళ్లు కలపండి. రెండు పచ్చిమిరపకాయలను సన్నని మంట మీద చర్మం మచ్చలు పడేదాకా కాల్చండి; ఎండు మిరపకాయలైనా బాగుంటుంది గాని, వేసవిలో నాకు పచ్చిమిరపకాయే ఇష్టం. ఒక పెద్ద ఉల్లిపాయను సన్నగా తరిగి, తూచిన 4 గ్రాముల ఉప్పునూ కాల్చిన మిరపకాయలనూ దానితో చేర్చి చేత్తో గట్టిగా పిసకండి. ఈ పిసకడంలో అశ్రద్ధ చేయకూడదు. ఉప్పు తగలగానే ఉల్లి నీరు వదులుతుంది, ఆ నీటిలో ఉల్లి తీపి ఉంటుంది. పచ్చి పులుసులో బెల్లం వేయవలసిన అవసరం లేకుండా చేసేది ఆ నీరే. తరువాత చింతపండు రసం పోసి, వేయించి దంచిన నువ్వుల పొడి రెండు పెద్ద చెంచాలు కలిపి, ఆవాలు, జీలకర్ర, వెల్లుల్లి, కరివేపాకుతో పోపు పెట్టి, పోపు పడిన మరుక్షణమే మూత వేయండి. పోపును నేను గానుగ నువ్వుల నూనెలోనే వేయాలన్నంత పట్టుదలగా చూస్తాను. మీ ఇంట్లో పల్లీనూనె ఉంటే దానితోనే కానివ్వండి. పది నిమిషాల తరువాత మూత తీసి, కొత్తిమీర చల్లండి.

రుచి చూసే పద్ధతి కూడా మారాలి. మనం గరిటెతో ఒక చుక్క అరచేతిలో వేసుకొని చప్పరిస్తాం. ఆ చుక్క మనం తినబోయే వంటకం కాదు, ఎందుకంటే మన అన్నంలో ఉప్పు ఉండదు, కూరో పులుసో తనకే కాక అన్నానికీ ఉప్పు మోస్తుంది. కాబట్టి రెండు ముద్దల అన్నం చిన్న గిన్నెలో పెట్టుకొని, మీరు మామూలుగా కలుపుకొనేంతే పులుసు కలుపుకొని, అది పొగలు తగ్గాక రుచి చూడండి. పొగలు కక్కుతున్నప్పుడు ఉప్పు తక్కువగా అనిపిస్తుంది. ఆ వేడిలో వేసిన అదనపు చిటికెడే తినే వేళకు ఎక్కువవుతుంది.

పప్పు విషయంలో పులుపు ఎక్కడి నుంచి వస్తుందన్నది ముఖ్యం. చింతపండు పులుసు పోసిన పప్పుకు ఉప్పు ఎక్కువ కావాలి. చుక్కకూర, టమాటా, వేసవిలో దొరికే చింతచిగురు ఇచ్చే పులుపు మెత్తన, దానికి తక్కువ ఉప్పు చాలు. 150 గ్రాముల కందిపప్పుకు రెండు కట్టల చుక్కకూర వేసి, పప్పుగుత్తితో మెదిపిన తరువాతే 5 గ్రాముల ఉప్పు వేసి చూడండి. హైదరాబాద్ పాతబస్తీ ఇళ్లలో ఖట్టీ దాల్ అనే పుల్లటి పప్పు చేసే తీరులో మనం నేర్చుకోవలసినది ఒకటుంది: అందులో చింతపండు ఉన్నా, నూనెలో ఎర్రగా వేగిన వెల్లుల్లి, ఎండుమిర్చి, జీలకర్ర, కరివేపాకుల బగారు, అంటే పోపు, చివర పడి, ముక్కుకు అందే వాసనే సగం రుచిని మోస్తుంది. బగారా బైంగన్ అనే వంకాయ కూరలోనూ నువ్వులు, పల్లీలు, కొబ్బరి వేయించి నూరిన ముద్ద చింతపండు పదునును మెత్తపరుస్తుంది కనుక ఉప్పు పెద్దగా అడగదు.

పప్పు దగ్గరే మరొక మాట చెప్పాలి. మన నగరంలో బోరు నీటి మీద ఆధారపడిన ఇళ్లు చాలా ఉన్నాయి, ఆ నీరు తరచుగా కఠినజలం కనుక పప్పు తొందరగా ఉడకదు, అందుకని వంట సోడా వేస్తారు. వంట సోడాలో బరువులో నాలుగో వంతుకు పైగా, ఉప్పులో ఉండే సోడియమే. అర టీ చెంచా సోడా వేస్తే, సోడియం లెక్కలో సుమారు ఒకటిన్నర గ్రాముల ఉప్పు వేసినట్లే, అదీ నాలుకకు తెలియకుండా. మంజీరా నీరో, కృష్ణా నీరో వచ్చే కుళాయి ఉంటే ఆ నీటితో వండండి, లేకపోతే శుద్ధి చేసిన నీటిలో పప్పును గంటసేపు నానబెట్టండి.

వేపుళ్ల గురించి ఎక్కువ చెప్పను. బెండకాయ, దొండకాయ, చామగడ్డ ఏదైనా దించే ముందు పైన ఉప్పు చల్లితే చాలు. ఉప్పు ముక్క లోపలికి ఇంకక నాలుకకు ముందుగా తగులుతుంది, కాబట్టి తక్కువ పడుతుంది.

పెరుగు దగ్గరా ఇదే సూత్రం. ఎండాకాలంలో ఉదయం తోడుకున్న పెరుగు మధ్యాహ్నానికే పులుస్తుంది, పులిసిన పెరుగన్నానికి ఉప్పూ ఊరగాయా తప్పనిసరి అవుతాయి. పెరుగు గట్టిపడిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, కమ్మగా ఉండగానే తింటే ఉప్పు అవసరమే ఉండదు. మూడవ రోజు దోసెపిండి సంగతీ అంతే, పులుపు ఎక్కిన పిండికి చట్నీలో ఉప్పు పెంచకుండా తినలేము. అయితే ఆవకాయలో మాత్రం ఉప్పు తగ్గించవద్దు. మూడవ పాఠం చదివి కొత్త జాడీకి సగం ఉప్పే కలిపినవాళ్ల పచ్చడి బూజు పట్టిందని తెలిసి బాధపడ్డాను. ఊరగాయలో ఉప్పు రుచి కోసమే కాదు, పాడవకుండా నిలవ ఉంచేదీ అదే. అక్కడ తగ్గవలసినది కంచంలో వేసుకొనే పరిమాణం.

తీపికి వస్తే, వగరూ చేదూ తీపిని అడుగుతాయి, పులుపు ఉప్పును అడిగినట్లే. ఇరానీ చాయ్‌కి డికాక్షన్‌ను సన్నని సెగ మీద చాలాసేపు మగ్గనిస్తారు, అందుకే దానికి చిక్కని పాలూ, అంత చక్కెరా కావాలి. ఇంట్లోనూ టీ పొడిని పది నిమిషాలు మరిగించి, వచ్చిన వగరును రెండు చెంచాల చక్కెరతో కప్పుతున్నాం. మరుగుతున్న నీటిలో అల్లం, ఏలకులు ముందు వేసి, టీ పొడి ఆఖరున వేసి, రెండు మూడు నిమిషాల్లో పాలు పోసి దించితే ఒక చెంచాతో సరిపోతుంది. అక్కడి నుంచి అర చెంచాకు దిగడం రెండు వారాల పని. చక్కెర బదులు బెల్లం వేస్తే తగ్గించినట్లు కాదు, బెల్లంలోనూ ఎక్కువ భాగం చక్కెరే. పాయసాన్ని చల్లగా కాక గోరువెచ్చగా వడ్డించండి. చల్లదనంలో తీపి తక్కువగా తెలుస్తుంది కాబట్టి, చల్లని పాయసానికి చక్కెర ఎక్కువ పడుతుంది.

సైంధవ లవణం వాడవచ్చా అని అడిగినవారికి: అదీ సోడియం క్లోరైడే, తగ్గించవలసిన లెక్కలోదే. సోడియం తక్కువ ఉప్పు అని అమ్మేవాటిలో సోడియానికి బదులు కొంత పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, రక్తపోటుకు కొన్ని రకాల మందులు వాడుతున్నవారు వైద్యుని అడగకుండా దానిని ముట్టకూడదు.

అభ్యాసం ఈసారి కొంచెం కష్టమైనది, రెండు రోజులు పడుతుంది. మొదటి రోజు పచ్చి పులుసును మూడు గిన్నెల్లో చేయండి. ఒక్కొక్క దానిలో 150 మిల్లీలీటర్ల నీరు. చింతపండు మాత్రం మొదటి దానిలో 3, రెండవ దానిలో 4, మూడవ దానిలో 6 గ్రాములు. ఉల్లి, మిరప, నువ్వుల పొడి మూడింటిలోనూ సమానంగా ఉండాలి. ఒక్కొక్క గిన్నె పక్కన 3 గ్రాముల ఉప్పు తూచి పెట్టుకొని, అన్నంతో కలిపి రుచి చూస్తూ కొద్దికొద్దిగా వేస్తూ పోయి, సరిపోయిందనిపించిన చోట ఆపి, మిగిలిన ఉప్పును మళ్ళీ తూచి ఎంత పట్టిందో రాసుకోండి. రెండవ రోజు ఇంట్లో మరొకరి చేత, ఏది ఏ గిన్నెయో చెప్పకుండా ఇదే పని చేయించండి. వంటింటి తూకం యంత్రం గ్రాముకు లోపలి తేడాలు చూపకపోతే అన్నింటినీ మూడింతలు చేసుకోండి.

దీనితో పాటు కొత్త ఉప్పు ప్యాకెట్ విప్పిన రోజున దాని మీద తేదీ రాయండి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు మనిషికి రోజుకు 5 గ్రాములకు మించవద్దన్నాయి. ఆ లెక్కన నలుగురున్న ఇంట్లో కిలో ప్యాకెట్ కనీసం 50 రోజులు రావాలి, అదీ ఊరగాయలు, అప్పడాలు, బయటి తిండి లెక్కలోకి రాకుండా. ప్యాకెట్ నెలకే ఖాళీ అవుతున్నదంటే మనిషికి రోజుకు 8 గ్రాములు దాటుతున్నదన్నమాట. ఇంటిలో ఊరగాయ పెట్టిన నెలలో ఆ ఉప్పును వేరే డబ్బాలో నుంచి తీసి, ఈ లెక్కలో కలపకండి. మూడు గిన్నెల అంకెలూ, ప్యాకెట్ తేదీ దగ్గర పెట్టుకొని వస్తే, అయిదవ పాఠంలో మిఠాయిలు మొదలుపెడదాం.