కుసత్సు వేడినీళ్లలో మునగాలంటే: మూడు నిమిషాల లెక్క

జపాన్‌లో మొదటిసారి ఓన్సెన్‌కి, అంటే వేడినీటి ఊటల స్నానానికి వెళ్లేవాళ్లకి కుసత్సు అంత తేలికైన ఊరేమీ కాదు. గున్మా ప్రిఫెక్చర్‌లో (మన రాష్ట్రం లాంటిది), దాదాపు 1,200 మీటర్ల ఎత్తున, కొండల మధ్య ఉంటుంది. రైలు ఊళ్లోకి రాదు. నీళ్లు మామూలు ఓన్సెన్ నీళ్లకన్నా వేడి, పైగా ఆమ్లం. అయినా వెళ్లాల్సిన ఊరే. నేలలోంచి తనంతట తానే ఉబికే వేడినీటి లెక్కలో జపాన్ మొత్తం మీద దీనిదే మొదటి స్థానం, నిమిషానికి 32,000 లీటర్ల పైమాటే. జపాన్‌లో చాలాచోట్ల ఓన్సెన్ నీటిని పంపులతో తోడి, వడగట్టి, మళ్లీ కాచి అదే తొట్టిలో తిప్పుతారు. ఇక్కడి తొట్లలో పడేది ఊటనుంచి నేరుగా వచ్చే నీరు.

టోక్యో నుంచి దారులు రెండు మూడున్నాయి. ఉఎనో స్టేషన్లో 'కుసత్సు-షిమా' లిమిటెడ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సుమారు రెండు గంటల ఇరవై నిమిషాల్లో నగనోహర-కుసత్సుగుచి స్టేషన్లో దిగుతారు. సీట్లన్నీ రిజర్వుడే కాబట్టి ముందే బుక్ చేసుకోండి. స్టేషన్ బయట జేఆర్ (జపాన్ రైల్వే) బస్సు ఉంటుంది, పాతిక నిమిషాల ఘాట్ రోడ్డు. బస్సు రైలు వేళకే కలుస్తుంది, దిగి ఫొటోలు తీసుకుంటూ నిలబడితే తర్వాతి బస్సుకి చాలాసేపు ఆగాలి. షింజుకు నుంచి నేరుగా వచ్చే బస్సుకి నాలుగు గంటలు పడుతుంది, మార్పులేమీ ఉండవు, పెద్దవాళ్లతో వెళ్తే అదే నయం. షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు)లో కరుయిజవ దాకా వచ్చి అక్కణ్నుంచి బస్సు పట్టుకోవడం మూడో దారి. బస్ టెర్మినల్ నుంచి ఊరి నడిబొడ్డుకు ఐదు నిమిషాల నడక, దిగుడు వాలు. డిసెంబరు నుంచి మార్చి దాకా ఆ వాలు మీద మంచు గడ్డకట్టి ఉంటుంది. నున్నటి అడుగున్న బూట్లేసుకుని సూట్‌కేసు లాగితే జారిపడటం ఖాయం.

ఆ నడిబొడ్డునే యుబతకే అనే పెద్ద వేడినీటి ఊట ఉంది. యాభై డిగ్రీలు దాటిన నీరు రాళ్లమధ్య ఉబికి, ఏడు చెక్క కాలువల గుండా పారి, చివర జలపాతంలా కింద పడుతుంది. కాలువలు అందానికి పెట్టినవి కావు. పారేటప్పుడు నీరు చల్లబడుతుంది, అడుగున గంధకం మడ్డి పేరుకుంటుంది. దాన్ని గీకి, ఆరబెట్టి, 'యునొహన' అని పొట్లాలు కట్టి అమ్ముతారు. రాత్రి దీపాలు వెలిగాక ఆవిర్లలో బాగుంటుంది. కుళ్లిన గుడ్డు వాసన పది నిమిషాల్లో అలవాటైపోతుంది.

బయల్దేరే ముందు ఒంటిమీదివి తీసెయ్యండి

ఈ భాగం మనవాళ్లు శ్రద్ధగా చదవాలి. యుబతకే నీటి పీహెచ్ సుమారు 2.1, అంటే నిమ్మరసమంత పులుపు. దానికి తోడు ఆ కుళ్లిన గుడ్డు వాసనకి కారణమైన హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు. వెండి ఏదైనా క్షణాల మీద నల్లబడుతుంది: మెట్టెలు, పట్టీలు, పిల్లల మొలతాడు, ఉంగరం. మెట్టెలు ఏళ్ల తరబడి తీయక వేలికి పట్టేసి ఉంటే హోటల్ గదిలో లాగుతూ కూర్చోకండి, ఇంటి దగ్గరే సబ్బు నీళ్లతో వదులు చేసి చూసుకోండి. తీయకూడదనుకునేవాళ్లు నల్లబడటానికి సిద్ధపడి వెళ్లాలి, తర్వాత కంసాలి దగ్గర మెరుగు పెట్టించుకోవచ్చు. 22 క్యారెట్ల బంగారంలోనూ రాగి, వెండి కలుస్తాయి కనుక పుస్తెలు, నల్లపూసలు కూడా తీసి జిప్ కవర్లో పెట్టి గదిలో దాచడం మంచిది. ఇనప మేకుని ఈ నీళ్లలో కొన్నాళ్లుంచితే సన్నగా అరిగిపోతుంది. ఇక్కడి యుకవ నదిలోకి 1964 నుంచి ఆమ్లాన్ని విరిచేందుకు సున్నపురాయి పొడి కలిపిన నీళ్లు వదులుతూనే ఉన్నారు. లేకపోతే దిగువన చేపలు బతకవు, కాంక్రీటు నిలవదు.

ఆ రోజు గడ్డం గీసుకోవడం, వ్యాక్సింగ్ లాంటివి వద్దు. కంటికి కనపడని గాటుక్కూడా మంటెత్తుతుంది. కాంటాక్ట్ లెన్సులు తీసెయ్యండి. గుండెజబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు ముందు డాక్టర్ని అడగాలి. పసిపిల్లల్ని ఈ నీళ్లలో దించకండి.

స్నానం చేసే పద్ధతి

ఆడవాళ్లకి, మగవాళ్లకి వేర్వేరు గదులు. లోపల బట్టలేవీ ఉండకూడదు, స్విమ్‌సూట్ కూడా. చిన్న తువ్వాలొకటి చేత్తో పట్టుకెళ్లొచ్చు, దాన్ని నీళ్లలో ముంచకూడదు, మడిచి నెత్తిన పెట్టుకోవాలి. సిగ్గనిపించేవాళ్లకి దారి ఉంది: చాలా ర్యోకాన్‌లలో (జపాన్ సంప్రదాయ సత్రాలు) గంటకో ముప్పావు గంటకో కుటుంబం మొత్తానికి అద్దెకిచ్చే తొట్టి గది ఉంటుంది, బుకింగ్‌లో 'కషికిరి' అని అడగండి. పచ్చబొట్టు ఉంటే టికెట్ కొనకముందే కౌంటర్లో అడగడం మర్యాద. ఒక్కోచోట ఒక్కో నియమం.

షవర్ ఉన్నచోట ముందు కూర్చుని, సబ్బుతో ఒళ్లు రుద్దుకుని, నురగంతా పోయేలా కడుక్కోవాలి. షవర్ లేనిచోట తొట్టి పక్కన చెంబు ఉంటుంది. దాంతో పాదాలు, మోకాళ్లు, నడుము, భుజాలు, ఈ వరుసలో నీళ్లు పోసుకోండి. చివర ముందుకు వంగి, కళ్లు మూసుకుని, మెడ వెనక నుంచి తలమీద పోసుకోవాలి. కుసత్సు పాతపద్ధతి ప్రకారం తలమీద పోసుకునేవి ముప్పై చెంబులు. వేడికి ఒళ్లు అలవాటు పడకుండా ఒక్కసారిగా దిగితే నెత్తురు పోటెత్తి కళ్లు తిరుగుతాయి, అందుకే ఇంత తతంగం. మీరు పది పోసుకున్నా మేలే.

దిగాక మూడు నిమిషాలు, అంతే. ఒళ్లు కదపకండి. కదిలితే చర్మానికి కొత్త వేడినీరు తగిలి ఇంకా చురుక్కుమంటుంది. పక్కవాళ్లున్నప్పుడు నీళ్లు కలబెట్టడం కూడా తప్పు. గుండె దడదడలాడినా, చెవుల్లో హోరు మొదలైనా మూడు నిమిషాల దాకా కూడా ఆగక్కర్లేదు, అంచు పట్టుకుని మెల్లగా లేవండి. బయట కూర్చుని, కావాలంటే ఇంకోసారి. మొదటి రోజుకి ఒక్క స్నానం, తర్వాత రోజుకి రెండు మూడు చాలు. ఒళ్లు తుడుచుకున్నాకే బట్టల గదిలోకి రావాలి. సున్నితమైన చర్మమైతే చివర మంచినీళ్లతో కడుక్కోండి. మిగతావాళ్లలో చాలామంది అలాగే తుడిచేసుకుంటారు. తర్వాత పెద్ద గ్లాసుడు నీళ్లు తాగాలి. సాకే (బియ్యపు మద్యం) తాగి దిగడం మాత్రం అసలు వద్దు.

ఏ తొట్టి ముందు? షిరహత నో యు ఉచితం, యుబతకే పక్కనే ఉంది, అందరూ అక్కడికే పరిగెడతారు. కొత్తవాళ్లకి అది సరైన చోటు కాదు, చాలా వేడి. సబ్బు, షవర్ ఆశించొద్దు, అయినా ఈ ఆమ్లం నీళ్లలో సబ్బు నురగరాదు. డబ్బులు పెట్టయినా ఒటకినోయుతో మొదలుపెట్టండి. అక్కడ వరుసగా వేర్వేరు వేడిలో తొట్లుంటాయి, గోరువెచ్చని దాంట్లోంచి ఒక్కో మెట్టూ ఎక్కొచ్చు. రెండో రోజు పొద్దున్నే సైనోకవర బహిరంగ స్నానం: ఆకాశం కింద విశాలమైన తొట్టి, చల్లగాలి తగులుతుంటే వేడి తేలిగ్గా తట్టుకోవచ్చు. అదే పార్కులో ఈ నీటి గురించి ప్రచారం చేసిన జర్మన్ డాక్టర్ ఎర్విన్ బెల్జ్ విగ్రహం కనపడుతుంది. ఈ రెండూ అయ్యాక షిరహతకి వెళ్లండి.

నెత్సునోయు అనే హాల్లో జరిగే యుమొమి (వేడినీళ్లు తిరగేసి చల్లార్చే) ప్రదర్శనకి టికెట్ ఉంటుంది. ఆడవాళ్లు ఆరడుగుల చెక్క పలకలతో, పాట పాడుతూ తొట్టిలో నీళ్లు తిరగేస్తారు. చన్నీళ్లు కలిపితే ఊటనీరు పలచనైపోతుందని ఇలా చల్లార్చేవారు. ఒక్కటే చూస్తే చాలు, ముందు వరసలో కూర్చుంటే తడుస్తారు.

తిండి, శాకాహారుల చిక్కు

ర్యోకాన్ భోజనం రుచిలో సగం దాషిది. అది ఎండబెట్టిన చేప రసం. 'వెజిటేరియన్' అని ఒక్కమాట రాస్తే మాంసం ముక్క తీసేసి అదే రసంలో ఉడికించి పెడతారు. మాంసం, చేప, గుడ్డు, చేప దాషి వద్దు అని నాలుగూ విడివిడిగా, బుక్ చేసేటప్పుడే రాయండి. కుదరదంటే 'సుదొమరి', అంటే భోజనం లేని గది తీసుకుని పొడులు, పచ్చళ్లు, వేడినీళ్లు పోస్తే అయ్యే ఉప్మా పట్టుకెళ్లండి. సోబా (బక్‌వీట్ నూడుల్స్) పులుసులోనూ దాషి ఉంటుంది. ఓన్సెన్ మంజు అనే చిన్న బన్ను మాత్రం ధైర్యంగా అడగొచ్చు, లోపల తీపి ఎర్ర చిక్కుడు పూర్ణం. భోజనం ఉన్న గదైతే సాయంత్రం ఐదులోపు చేరండి, ఆలస్యమైతే చాలాచోట్ల వంట మళ్లీ పెట్టరు.

గదిలో ఇచ్చే యుకత (పొడుగాటి నూలు అంగీ)తో ఊళ్లో తిరగొచ్చు. ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైన వేసేది శవానికి.

మూడు నాలుగు రోజులుండి రోజూ మునిగితే కొందరికి చంకలు, తొడలమధ్య చర్మం ఎర్రబడి మండుతుంది, నీరసం, వికారం వస్తాయి. అప్పుడు స్నానాలు ఆపెయ్యడమే మందు. పాతకాలంలో రోగులు కుసత్సు నుంచి తిరిగెళ్తూ సవతరి ఓన్సెన్‌లో ఆగేవారు, అక్కడి నీరు మెత్తన, మండిన చర్మానికి ఊరట. ఒకరోజు చేతిలో ఉంటే తిరుగు రైల్లో నకనోజోలో దిగి, అక్కణ్నుంచి బస్సులో సవతరి వెళ్లి రాత్రికి ఉండండి.