సింథ్ ప్లగిన్ కొనేముందు: వినిపించే సమస్యలు, అసలు కారణాలు, పరిష్కారాలు

ఒక సింథ్ ప్లగిన్ (కంప్యూటర్‌లోనే శబ్దాలు పుట్టించే సాఫ్ట్‌వేర్ వాద్యం) డెమో దించుకోవడం, నాలుగు ప్రీసెట్లు (ముందే తయారుచేసి ఉంచిన శబ్దాలు) వాయించడం, వెంటనే "ఇది వేస్ట్" అనో "ఇది సూపర్" అనో తేల్చేయడం. ఇప్పుడు మన దగ్గర జరుగుతున్నది ఇదే. అనంతపురంలో ఇంట్లో ల్యాప్‌టాప్ మీద ట్రాకులు కట్టే తమ్ముళ్లు చెప్పే ఫిర్యాదుల్లో చాలావాటికి ప్లగిన్‌తో సంబంధమే ఉండదు. అసలు సంగతి బఫర్ (కంప్యూటర్ ఒక్కోసారి తయారుచేసే శబ్దం ముక్క) దగ్గరో, డ్రైవర్ (సౌండ్ పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) దగ్గరో, ప్రీసెట్ మీద పూసిన రివర్బ్ (గది ప్రతిధ్వని లాంటి ఎఫెక్ట్) దగ్గరో ఉంటుంది. అది తెలియక ఒకరు మంచి ప్లగిన్ తీసేస్తారు, ఇంకొకరు వేలకు వేలు పోసి అవసరం లేనిది కొంటారు. రెండోదే నాకు ఎక్కువ బాధ. ఆ డబ్బుతో మంచి హెడ్‌ఫోన్స్, ఆడియో ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్‌కు బయట తగిలించే సౌండ్ పరికరం) వస్తాయి.

పరీక్షించడానికి పక్కన కొలబద్దగా ఏదో ఒకటి ఉండాలి. దానికి మూడు ఉచిత సింథ్‌లు చాలు. వైటల్ 2020లో వచ్చిన వేవ్‌టేబుల్ సింథ్ (ముందే దాచిన తరంగ రూపాల నుంచి శబ్దం కట్టేది), దాని బేసిక్ వెర్షన్ ఉచితం. సర్జ్ ఎక్స్‌టీ ఓపెన్ సోర్స్. డెక్స్‌డ్ అనేది 1983 నాటి యమహా డీఎక్స్7 పద్ధతిలో, ఆరు ఆపరేటర్లతో (తరంగాలు పుట్టించే భాగాలతో) నడిచే ఎఫ్ఎం సింథ్, అంటే ఒక తరంగంతో ఇంకోదాన్ని ఊపి శబ్దం పుట్టించేది. మీరు కొనాలనుకున్న ప్లగిన్‌ను వీటి పక్కన పెట్టి వినండి.

ఒక్కటే వింటే అదిరిపోతోంది, పాటలో పెడితే ఎక్కడుందో తెలియడం లేదు

అందరికీ ఎదురయ్యే సమస్య ఇదే, అందుకే దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

ప్రీసెట్ తయారు చేసేవాళ్లు అది ఒంటరిగా వినిపించినప్పుడు ఆకట్టుకోవాలని చేస్తారు. రివర్బ్, డిలే, కోరస్ వేసి, చివర్లో కంప్రెసర్ తగిలిస్తారు. అందులో సింథ్ ఎంత, ఎఫెక్టులు ఎంత అని విడదీయకుండా తీర్పు చెప్పలేం. పైగా పాటలో కిక్ (పెద్ద డ్రమ్ దెబ్బ), గొంతు, తాళం అన్నీ వచ్చేసరికి ఆ రివర్బ్ తోక మొత్తం బురదలా పరుచుకుంటుంది. ఇంకో కారణం సౌండ్ లెవెల్. రెండు శబ్దాల్లో కాస్త పెద్దగా వినిపించేదే బాగుందని చెవి చెబుతుంది. ఒకటి రెండు డెసిబెల్స్ తేడా చాలు, మనకు తెలియకుండానే అటు మొగ్గుతాం.

ముందుగా ప్లగిన్‌లో ఎఫెక్ట్స్ పేజీ తెరిచి ఒక్కొక్కటీ ఆఫ్ చేయండి. మిగిలిందే మీరు కొనబోయే సింథ్. తర్వాత ప్రీసెట్ కూడా వదిలేసి ఇనిట్ ప్యాచ్‌కు (ఏమీ కలపని మొదటి శబ్దానికి) వెళ్లండి. ఒక్క సా వేవ్ (రంపపు పళ్ల ఆకారపు తరంగం), ఒక్క లోపాస్ ఫిల్టర్ (శబ్దంలో పై భాగాన్ని కోసేది), అంతే. కటాఫ్‌ను (ఆ కోత మొదలయ్యే చోటును) మౌస్‌తో మెల్లగా మూస్తూ తెరుస్తూ ఒక మంద్రస్థాయి నోట్ పట్టుకోండి. నాబ్ తిరుగుతుంటే శబ్దం నున్నగా జారుతోందా, మెట్లు మెట్లుగా గీసుకుపోతోందా? రెసొనెన్స్ (ఆ చోట శబ్దాన్ని ఎత్తి చూపే నాబ్) పెంచితే కింది బేస్ ఎంత పలచబడుతోంది? చివర్లో వచ్చే ఈల చెవికి ఇంపుగా ఉందా, గుచ్చుతోందా? అటాక్‌ను (నోట్ పూర్తి బలానికి చేరే సమయాన్ని) సున్నాకు దించి చిన్న చిన్న నోట్లు కొడితే పోటు ఎలా ఉంది? సింథ్‌కూ సింథ్‌కూ మధ్య నిజమైన తేడా ఇక్కడే తెలుస్తుంది. ప్రీసెట్లు వెయ్యి ఉన్నా ఫిల్టర్ నచ్చకపోతే ఆ ప్లగిన్‌తో ఎక్కువ రోజులు వేగలేరు.

పోల్చేటప్పుడు రెండింటినీ ఒకే లౌడ్‌నెస్‌కు తెచ్చి వినండి. యూలీన్ లౌడ్‌నెస్ మీటర్ ఉచిత వెర్షన్ దీనికి సరిపోతుంది. ఆ తర్వాత సొంత ట్రాకులో పెట్టి చూడండి. ఉరుములు అనే జానపద వాద్యం దరువు రికార్డు చేసి దాని మీద ప్యాడ్ (వెనక పరుచుకుని సాగే శబ్దం) వేస్తున్నారనుకుందాం. కింది భాగమంతా ఆ వాద్యం మోతే నింపేస్తుంది. ప్యాడ్‌ను 200 హెర్ట్జ్ దగ్గర హైపాస్ చేసి (అంతకంటే కింది భాగం కోసేసి), రివర్బ్ సగానికి తగ్గించి మళ్లీ వినండి. అప్పుడూ వినపడకపోతే ఆ శబ్దం మీ పాటకు పనికిరాదు.

హెడ్‌ఫోన్స్‌లో విశాలంగా ఉంది, ఊరేగింపులో మాయమైంది

వినాయక నిమజ్జనానికి ట్రాక్ చేసి ఇచ్చినవాళ్లకు ఈ దెబ్బ బాగా తెలుసు. ఇంట్లో లీడ్ (ప్రధాన బాణీ వాయించే సింథ్) రెండు చెవుల్నీ నింపేసింది. బండి మీద బాక్సుల్లో కిక్, గొంతు మాత్రమే మిగిలాయి.

ఊరేగింపు బాక్సులను చాలాసార్లు మోనోగానే కడతారు. ఎడమ, కుడి కలిసి ఒకటయ్యేటప్పుడు రెండు వైపులా ఎదురెదురు ఫేజ్‌లో ఉన్న (ఒకటి పైకి పోతుంటే ఇంకోటి కిందికి పోయే) భాగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. యూనిసన్ స్ప్రెడ్ (ఒకే నోట్‌కు పలు కాపీలు వేసి ఎడమ, కుడికి పరచడం), కోరస్, స్టీరియో వైడెనర్ ఎంత ఎక్కువైతే ఈ నష్టం అంత ఎక్కువ.

మాస్టర్ మీద మోనో బటన్ పెట్టుకుని, ప్లగిన్ పరీక్షించేటప్పుడే అది నొక్కి వినండి. మోనోలో శబ్దం కాస్త ఇరుకైనా ఫర్వాలేదు. పలచబడి బోలుగా మారితే స్టీరియో స్ప్రెడ్ తగ్గించాలి. బేస్ ప్యాచ్‌కైతే యూనిసన్ ఒకటికి దించి, ఎఫెక్టుల్లో కోరస్ తీసేయండి. వెడల్పు తగ్గించే నాబ్ అసలు లేని సింథ్ మన ఊరేగింపు పాటలకు వద్దు. ఈ విషయంలో నేను రాజీ పడను.

చిటపటలు వస్తున్నాయి, శబ్దం తెగిపోతోంది

అన్నిటికంటే ముందు ఒక పని చేయండి. ఆ ముక్కను వేవ్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి వినండి. ఫైల్‌లో చిటపటలు లేకపోతే ప్లగిన్ శబ్దం బాగానే ఉంది, మీ కంప్యూటర్ ఆ వేగాన్ని అందుకోలేకపోతోందని అర్థం. ఫైల్‌లో కూడా ఉంటే మాస్టర్ మీటర్ సున్నా డెసిబెల్ దాటి ఎర్రబడుతోందేమో చూడండి. లెవెల్ దించినా పోకపోతే అప్పుడు ప్లగిన్‌ను అనుమానించండి. ఈ ఒక్క పరీక్షతో సగం టెన్షన్ తీరిపోతుంది.

కంప్యూటర్ అందుకోలేకపోవడం అంటే లెక్క ఇలా ఉంటుంది. 44,100 శాంపిల్ రేట్‌లో (సెకనుకు అన్ని శబ్దపు కొలతలు) బఫర్ 128 పెడితే ప్రతి 2.9 మిల్లీసెకన్లకు ఒకసారి శబ్దం ముక్క తయారై ఉండాలి. 512 పెడితే 11.6 మిల్లీసెకన్ల సమయం దొరుకుతుంది. మరోవైపు నాలుగు నోట్ల కార్డ్ నొక్కారు, రెండు ఆసిలేటర్లు (తరంగం పుట్టించే భాగాలు), ఒక్కోదానికి ఏడు యూనిసన్. మొత్తం 56 తరంగాలు ఒకేసారి లెక్కకట్టాలి. రిలీజ్ (కీ వదిలాక శబ్దం ఆరిపోయే సమయం) పొడుగ్గా ఉంటే పాత కార్డ్ చల్లారకముందే కొత్తది మొదలై అది 112 అవుతుంది. ప్లగిన్ "హెవీ" అని అనిపించడానికి కారణం చాలాసార్లు ఈ గుణకారమే.

కాబట్టి వాయించి రికార్డు చేసేటప్పుడు బఫర్ 128 లేదా 256, మిక్స్ చేసేటప్పుడు 512 లేదా 1024 పెట్టుకోండి. యూనిసన్ ఏడు నుంచి నాలుగుకు, వాయిస్‌ల (ఒకేసారి మోగే నోట్ల) పరిమితి ఎనిమిదికి దించండి. చాలా శబ్దాల్లో తేడా వినపడదు. ఖరారైన ట్రాకును ఫ్రీజ్ చేయండి (సింథ్ లెక్క ఆపి, తాత్కాలికంగా ఆడియోగా ఉంచడం), లేదా ఆడియోగా బౌన్స్ చేయండి (ఆడియో ఫైల్‌గా మార్చేయడం).

మన ఊరికి సంబంధించి ఇంకో కారణం ఉంది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. గది వేడెక్కితే ల్యాప్‌టాప్ ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. పొద్దున బాగా నడిచిన ప్రాజెక్టే మధ్యాహ్నం రెండింటికి తెగిపోతుంది. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద కాకుండా చెక్క మీద పెట్టి, అడుగున గాలి ఆడేలా ఎత్తండి. కరెంటు పోయి బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు కూడా వేగం పడిపోతుంది. అందుకే రెండు ప్లగిన్‌ల సీపీయూ వాడకం పోల్చాలంటే చార్జర్ పెట్టి, ఒకే పూట, ఒకే ప్యాచ్‌తో పోల్చండి. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి చూసి చెప్పిన మాట లెక్కలోకి రాదు.

కీ నొక్కిన తర్వాత ఆలస్యంగా మోగుతోంది

బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ వాడుతున్నారా? అయితే వెతకాల్సిన పనిలేదు, కారణం అదే. వైర్ హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. అప్పటికీ ఆలస్యమైతే విండోస్ మామూలు డ్రైవర్ బదులు ఆలస్యం తగ్గించే ఏఎస్ఐఓ డ్రైవర్ ఎంచుకోండి. ఇంటర్‌ఫేస్ ఉంటే దాని సొంత డ్రైవర్, లేకపోతే ఉచితంగా దొరికే ఏఎస్ఐఓ4ఆల్. మాస్టర్ మీద లుక్‌అహెడ్ (శబ్దాన్ని ముందుగా చూసుకునే పద్ధతి) ఉన్న లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా ఆపేది) పెట్టి ఉంటే వాయించేటప్పుడు దాన్ని ఆఫ్ చేయండి. అదీ మొత్తం శబ్దాన్ని వెనక్కి నెడుతుంది.

పై నోట్లలో శ్రుతికి సంబంధం లేని ఈలలు

దీన్ని ఏలియాసింగ్ అంటారు. ఇది మాత్రం నిజంగా ప్లగిన్ నాణ్యతకు సంబంధించిన విషయం.

44,100 శాంపిల్ రేట్‌లో 22,050 హెర్ట్జ్ వరకే శబ్దాన్ని ఉన్నదున్నట్టు పట్టుకోగలం. అంతకు మించినది వెనక్కి తిరిగి కిందికి వస్తుంది. 5,000 హెర్ట్జ్ సా వేవ్ తీసుకోండి. దాని ఎనిమిదో హార్మోనిక్ (ఎనిమిది రెట్ల పైస్వరం) 40,000. అది మడత పడి 4,100 దగ్గర తేలుతుంది, అంటే అసలు నోట్ కంటే కింద! రాగంలో లేని స్వరం ఎక్కడి నుంచో వచ్చినట్టు ఉంటుంది.

పరీక్ష చాలా సులువు. ఎఫెక్టులు లేని సా వేవ్‌ను కీబోర్డు పై కొస దాకా గ్లైడ్‌తో మెల్లగా జరపండి. నోట్ పైకి పోతుంటే లోపల ఏదో కిందికి జారుతున్నట్టు వినిపిస్తే అది ఏలియాసింగ్. ఎఫ్ఎం, డిస్టార్షన్ ఎక్కువ వేసి కూడా ఇదే చేయండి. ప్లగిన్‌లో ఓవర్‌శాంప్లింగ్ (లోపల ఎక్కువ శాంపిల్ రేట్‌లో లెక్కకట్టడం) ఉంటే పెంచి చూడండి. దానివల్ల సీపీయూ భారం పెరుగుతుంది కాబట్టి వాయించేటప్పుడు తగ్గించుకుని, ఎక్స్‌పోర్ట్‌కు ముందు పెంచుకోండి. బేస్‌కు మాత్రమే వాడే సింథ్ అయితే దీని గురించి అంత పట్టించుకోనక్కర్లేదు.

గమకం మెట్లు మెట్లుగా పడుతోంది

మన పాటల లీడ్‌కు ఇదే ప్రాణం. విదేశీ రివ్యూల్లో దీని ప్రస్తావన పెద్దగా కనిపించదు.

చాలా సింథ్‌లలో పిచ్ బెండ్ (శ్రుతిని పైకి, కిందికి వంచడం) మొదట్లో రెండు సెమీటోన్లకే (స్వరస్థానాలకే) కట్టి ఉంటుంది. షడ్జమం నుంచి పంచమానికి జారు వేయాలంటే ఏడు కావాలి. బెండ్ రేంజ్‌ను 7కో 12కో పెంచండి. పెంచాక మెట్లు వినిపిస్తే కీబోర్డు వైపు చూడాలి. పిచ్ బెండ్ సందేశంలో 16,384 మెట్లు ఉంటాయి. 12 సెమీటోన్లు పైకి, 12 కిందికి పంచినా ఒక్కో మెట్టు 0.15 సెంట్ మాత్రమే (సెంట్ అంటే సెమీటోన్‌లో నూరో వంతు), చెవికి తెలియదు. కానీ కొన్ని చవక కీబోర్డులు 128 మెట్లే పంపుతాయి. అప్పుడు ఒక్కో మెట్టు దాదాపు 19 సెంట్లు, కచ్చితంగా వినిపిస్తుంది. అలాంటి కీబోర్డుతో రేంజ్ తక్కువే ఉంచి, పెద్ద జారులను మౌస్‌తో ఆటోమేషన్ (నాబ్ కదలికను రాసి ఉంచే) గీతగా గీయండి.

చిన్న గమకాలకు సింథ్‌ను మోనో (ఇక్కడ ఒకసారికి ఒకే నోట్ అని అర్థం), లెగాటోలో పెట్టి గ్లైడ్‌ను (నోట్ నుంచి నోట్‌కు జారే సమయాన్ని) 60 నుంచి 100 మిల్లీసెకన్ల మధ్య వాడి చూడండి. ఒక నోట్ వదలకుండా ఇంకో నోట్ నొక్కినప్పుడే జారాలి. విడివిడిగా కొట్టినా జారిపోతుంటే సెట్టింగుల్లో లెగాటో గ్లైడ్ ఉందేమో వెతకండి. అదీ లేకపోతే ఆ సింథ్ లీడ్‌కు కష్టమే. స్వరస్థానాలను ఇంకా సూక్ష్మంగా సరిచేయాలనుకునేవాళ్లకు సర్జ్ ఎక్స్‌టీలో స్కేలా ట్యూనింగ్ ఫైళ్లు (స్వరస్థానాల పట్టిక ఉన్నవి) తెరిచే వీలుంది. డబ్బు పెట్టి కొనే సింథ్‌లో ఆ వీలు ఉందో లేదో ముందే చూసుకోండి.

బేస్ ఒక్కో దెబ్బకు ఒక్కోలా ఉంది

ఆసిలేటర్ ఫేజ్ ప్రతి నోట్‌కూ ఎక్కడో ఒకచోట మొదలవుతోంది. కిక్‌తో కలిసినప్పుడు ఒకసారి బలంగా, ఒకసారి నీరసంగా వస్తుంది. వైటల్‌లో ఫేజ్ పక్కనున్న ర్యాండమ్ విలువను సున్నా చేస్తే సరిపోతుంది. మిగతావాటిలో రీట్రిగర్ అనే పేరుతో వెతకండి.

ఇన్‌స్టాల్ చేశాను, లిస్టులో లేదు

పాత 32 బిట్ ప్లగిన్‌ను 64 బిట్ సాఫ్ట్‌వేర్ చూడలేకపోవచ్చు. వీఎస్‌టీ3 (ప్లగిన్ ఫైళ్ల రూపాల్లో ఒకటి) ఫైలైతే విండోస్‌లో సి డ్రైవ్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్, అందులో కామన్ ఫైల్స్, అందులో వీఎస్‌టీ3 ఫోల్డర్‌లో ఉండాలి. అక్కడ పెట్టి రీస్కాన్ చేయండి. వీఎస్‌టీ2 రూపంలో మాత్రమే దొరికే సింథ్‌కు ఇప్పుడు డబ్బు పెట్టకండి. ఆ రూపాన్ని తయారుచేసిన స్టైన్‌బర్గ్ కంపెనీ 2018లోనే దాని డెవలపర్ కిట్ పంపిణీ ఆపేసింది.

పెన్‌డ్రైవ్‌లో చేతులు మారి వచ్చిన క్రాక్ ప్లగిన్ లిస్టులో లేకపోయినా, తెరవగానే సాఫ్ట్‌వేర్ మూసుకుపోయినా దాన్ని బాగుచేసే ప్రయత్నం వద్దు. తీసేసి, వైరస్ స్కాన్ చేయండి. నెలల పని ఉన్న హార్డ్‌డిస్క్‌ను దానికోసం పణంగా పెట్టొద్దు.

నిన్నటి ప్రాజెక్టు ఇవాళ వేరేలా మోగుతోంది

డెమోల్లో ఇది మామూలే. కొన్ని డెమోలు సెట్టింగులను సేవ్ చేయనివ్వవు, కొన్నింటిలో మధ్యమధ్య శబ్దం ఆగుతుంది. ఎఫ్ఎల్ స్టూడియో (పాటలు కట్టే సాఫ్ట్‌వేర్) ట్రయల్‌లోనైతే సేవ్ చేసిన ప్రాజెక్టునే తిరిగి తెరవలేం. కాబట్టి ముందు డెమో నిబంధనలు చదవండి. సేవ్‌కు వీలుంటే రెండు మూడు నాబ్‌లకు ఆటోమేషన్ గీసి, సేవ్ చేసి, మొత్తం మూసి, మళ్లీ తెరిచి వినండి. అంతా పెట్టిన చోటే ఉండాలి.

డెమో గడువు ముగిసేలోపు మీకు బాగా నచ్చిన రెండు మూడు శబ్దాలను ఎఫెక్టులు లేకుండా ఆడియోగా బౌన్స్ చేసి దాచుకోండి. వాటిని వింటూ వైటల్‌లోనో సర్జ్ ఎక్స్‌టీలోనో అదే శబ్దం కట్టడానికి ఒక ఆదివారం కేటాయించండి. దగ్గరదాకా రాగలిగితే కొనాల్సిన పని లేదు. ఎంత తిప్పినా ఆ ఫిల్టర్ పలుకు రాకపోతే, ఆ పలుకు మీ పాటకు నిజంగా కావాలనిపిస్తే, అప్పుడు కొనండి.