సర్వర్ రీబూట్ అయినా మెయిల్ ఆగకుండా ఉండాలంటే

లినక్స్ సర్వర్‌లో మెయిల్ పంపి, అందుకునే ప్రోగ్రామ్ పోస్ట్‌ఫిక్స్. దాన్ని 'సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్' కమాండ్‌తో నడిపిస్తే అది ఇప్పటికి మాత్రమే, రీబూట్ చేస్తే మళ్లీ మొదటికొస్తుంది. బూట్‌లో దానంతటదే లేవాలంటే 'సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ పోస్ట్‌ఫిక్స్' కొట్టాలి. ఐమ్యాప్ (సర్వర్‌లోని మెయిల్‌ను యాప్‌లో చదివే పద్ధతి) కోసం డవ్‌కాట్ అనే ప్రోగ్రామ్ వాడుతుంటే దాన్నీ విడిగా ఎనేబుల్ చేయండి, చాలామంది మర్చిపోయేది ఇదే. సెండ్‌మెయిల్ అనే పాత మెయిల్ సర్వర్ ఉంటే డిసేబుల్ చేసెయ్యండి, లేకపోతే అదీ పోస్ట్‌ఫిక్సూ మెయిల్ వచ్చే 25వ పోర్టు కోసం కొట్టుకుంటాయి.

అసలు తలనొప్పి ఇంకోటుంది: పోస్ట్‌ఫిక్స్ కాన్ఫిగ్‌లో ఇనెట్ ఇంటర్‌ఫేసెస్ (ఏ అడ్రస్‌ల మీద మెయిల్ తీసుకోవాలో చెప్పే సెట్టింగ్) దగ్గర ఫలానా ఐపీ అని రాసి ఉంటే, బూట్ సమయంలో నెట్‌వర్క్ ఇంకా పైకి రాకముందే పోస్ట్‌ఫిక్స్ లేచి, ఆ అడ్రస్ దొరక్క పడిపోవచ్చు. అప్పుడు 'సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ పోస్ట్‌ఫిక్స్' తెరిచి, యూనిట్ సెక్షన్‌లో ఆఫ్టర్, వాంట్స్ రెండింటికీ నెట్‌వర్క్-ఆన్‌లైన్ టార్గెట్ ఇవ్వండి, అప్పుడు నెట్‌వర్క్ పైకి వచ్చాకే పోస్ట్‌ఫిక్స్ లేస్తుంది. ఆ తర్వాత నిజంగానే ఒకసారి రీబూట్ చేసి, 25వ పోర్టు తెరుచుకుందో లేదో చూడండి.